ఫోటో తీసే పార్సిల్

"హోసూరుకు పార్సిలా? బస్సెక్కితే గంటలో పోతావు కదక్కా!" అని మునిరాజ్ నవ్వాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను బస్సెక్కితే నీకేమి, ఎక్కకపోతే నీకేమప్పా? నువ్వు పెట్టుకున్నది పార్సిల్ అంగడా, బస్సుల విచారణ ఆఫీసా?" అన్నాను. అతను నవ్వు ఆపి కాటా ముందుకు జరిపాడు. కృష్ణగిరి బస్టాండు పక్కన, మిఠాయి అంగడికీ సెల్‌ఫోన్ అంగడికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది అతని పార్సిల్ అంగడి. ముగ్గురు నలుగురు కొరియర్ వాళ్ల బోర్డులు ఒకే గోడకు తగిలించి ఉంటాయి. ఎవరి రేటు ఎక్కువో, ఎవరిది తక్కువో మనమే అడిగి తేల్చుకోవాలి.

"మంచిది కావాలా, చౌకది కావాలా?" అని అడిగాడు.

"రెండూ కావాల" అన్నాను.

నేను బస్సెక్కి ఎందుకు పోకూడదో అతనికి ఆ రోజు చెప్పలేదు. మీకు చెప్తాను. హోసూరులో ఉండేది నా కోడలు ప్రతిభ, నా మనవరాలు మోనిషా. నా కొడుకు జితేంద్ర తాగుబోతు. కన్నదాన్ని నేనే ఆ మాట అంటున్నానంటే మీరే అర్థం చేసుకోండి. ఆ పిల్ల ఏళ్ల తరబడి ఓర్చుకుంది. వాడు ఒకనాడు బిడ్డ మీదికి కూడా చెయ్యెత్తేసరికి బట్టలు సర్దుకుని వెళ్లిపోయింది. హోసూరులో ఒక కంపెనీలో పని చూసుకుని, ఇల్లు బాడుగకు తీసుకుంది. ఆమె స్థానంలో నేనుంటే ఇంకా ముందే వెళ్లిపోయేదాన్ని.

ఒకసారి బిడ్డను చూడాలని పోయాను. వీడు నాకు తెలియకుండా నా వెనకే బస్సెక్కి వచ్చి, ఆ వీధిలో నానా యాగీ చేశాడు. ఇంటి ఓనరు ఆ నెలలోనే వాళ్లను ఖాళీ చేయించాడు. వేరే ఇంటికి మారాక ప్రతిభ ఫోన్ చేసింది. "అత్తా, నీమీద నాకేం కోపం లేదు. నువ్వొస్తే ఆయనొస్తాడు. ఇంగ మా గడప దాకా రావద్దు. ఫోను కూడా చెయ్యద్దు, నీ ఫోను ఆయన తీసి చూస్తా ఉంటాడు" అంది. "రానమ్మా" అని మాటిచ్చాను. ఆ మర్నాటి నుంచి ఆ నంబరు పని చేయలేదు.

నేను రానని మాటిచ్చాను గానీ, నా నిప్పట్లు రావని ఇవ్వలేదు కదా. బియ్యప్పిండితో నూనెలో కాల్చే ఆ నిప్పట్లంటే మోనిషాకు ప్రాణం. అన్నం వద్దంటుంది గానీ నిప్పట్టు చేతికిస్తే అరుగు మీద కూర్చుని ఎలుకపిల్లలా కొరుక్కుంటూ ఉంటుంది. ప్రతిభ అన్న శ్రీనివాస్ బర్గూరులో ఉంటాడు. అతని ఇంటికి పోయి, కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమాలాను. చెల్లెల్ని అడిగి అడ్రెస్సు ఇచ్చాడు. "పంపుకో అత్తా. జితేంద్ర చెవిన మాత్రం పడిందా, అది మళ్లీ ఇల్లు మారాల. బిడ్డకు మళ్లీ బడి మారాల" అన్నాడు.

ఇక ఎట్లా పంపేది? మా వేప్పనపల్లి వైపు పార్సిల్ అంటే బస్సు డ్రైవరే. సంచి అతని సీటు పక్కన పెట్టి, టీకి ఇంత చేతిలో పెట్టి, అవతలి వాళ్లకు ఫోన్ చేసి బస్సు పేరు చెప్తే, వాళ్లు స్టాపులో కాచుకుని తీసుకుంటారు. ఇంతకంటే చౌక లేదు, నమ్మకానికీ లోటు లేదు. కానీ నేను ఫోన్ చేయలేను కదా. మా ఊరి నుంచి హోసూరు కంపెనీలకు పోయే అమ్మాయిల చేతికిద్దామంటే, పొద్దున ఇచ్చిన సంచి సంగతి సాయంత్రానికి ఊరంతా చెప్పుకుంటారు. పోస్టులో పంపితే, ఏ కారణం చేతనైనా వెనక్కి వచ్చిందంటే నేరుగా ఇంటికే వస్తుంది. ఇంట్లో వాడుంటాడు. అందుకే కృష్ణగిరి దాకా వచ్చి, పంపేవాళ్ల అడ్రెస్సు కింద మునిరాజ్ అంగడి అడ్రెస్సే వేయించాను.

మొదటిసారి అన్నిటికంటే చౌకదే పట్టుకున్నాను. "చేరింది అని పడిందక్కా" అన్నాడు మునిరాజ్, ఫోన్ చూసి.

"ఎవరి చేతికిచ్చినారు?"

"అది పడలేదు. చేరింది అని మాత్రం పడింది."

ఆ డబ్బా గేటు కాడ వాచ్‌మన్ కుర్చీ కింద ఉండిపోయిందట. ప్రతిభ చూసేటప్పటికి చీమలు పట్టాయట. శ్రీనివాస్ చెప్పగానే నేరుగా మునిరాజ్ మీదికి పోయాను. "చీమల కోసరం పొయ్యి ముందర కూర్చున్నానా నేను?" అని అరిచాను. బస్టాండులో జనం తిరిగి చూశారు. పాపం, అతని తప్పేముంది!

"ఇంకొక కంపెనీ ఉండాది. రేటు ఎక్కువక్కా. తలుపు తట్టి చేతికిస్తారు. ఇచ్చేటప్పుడు ఫోటో కూడా తీస్తారు" అన్నాడు.

"ఫోటోతో నాకేం పనప్పా? నిప్పట్లు చేరితే చాలు" అన్నాను. రేటు రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండు ఆవుల పాలు పోసుకుని బతికేదాన్ని నేను. అయినా, చీమలకు పెట్టడం కన్నా ఇదే నయమని ఒప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత మళ్లీ పోయాను. మునిరాజ్ ఫోన్ నా ముందు పెట్టాడు. సగం తెరిచిన తలుపు, డబ్బా పట్టుకుని ప్రతిభ. కాస్త చిక్కింది. ఆమె నడుము పక్క నుంచి రెండు జడల తల ఒకటి తొంగి చూస్తోంది. ముందు రెండు పళ్లు ఊడిపోయి ఉన్నాయి.

అయ్యో నా తల్లీ! పళ్లెప్పుడు ఊడినాయే నీకు? ఆ అంగడిలో, అంతమంది ముందు, నేను పైకే అన్నాను ఆ మాట. మునిరాజ్ స్టూలు తెచ్చి వేశాడు, టీ చెప్పాడు. అప్పుడు అతనికి అంతా చెప్పాను.

ఇక అప్పటి నుంచి నాకు చౌక అన్న మాటే గుర్తు రాలేదు. ప్రతి నెలా నిప్పట్లో, వేరుశనగ ఉండలో చేసుకుని పోయేదాన్ని. ఒకసారి ఫోటోలో ప్రతిభ ఒక్కతే ఉంది. ఒకసారి ఎవరో పక్కింటామె. ఆ రోజు ఇంటికొచ్చి ఆవుల మీద, కోళ్ల మీద, పొయ్యి మీద అరిచాను. బడి ఉన్న రోజు చేరితే బిడ్డ ఇంట్లో ఉండదని అప్పుడు తట్టింది. శనివారం చేరాలంటే శుక్రవారం పొద్దున బండికి వేయాలి. ఆ బండి వచ్చేది సరిగ్గా రాహుకాలంలో. రాహుకాలంలో ఉప్పు కూడా పక్కింటికి ఇవ్వనిదాన్ని నేను. "ఏమక్కా, రాహుకాలం పర్వాలేదా?" అని మునిరాజ్ ఎగతాళి చేశాడు. "రాహువుకు మనవరాలుంటే ఆయనకీ తెలిసేది. నోరు మూసుకుని రాయప్పా" అన్నాను.

శనివారాలు కలిసొచ్చాయి. మోనిషా తలుపు ముందుకే వచ్చి నిలబడడం మొదలుపెట్టింది. కానీ బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు నాకొక ఆలోచన వచ్చేది. నేను నిప్పట్లు ఎందుకు పంపుతున్నాను? బిడ్డ తింటుందనా, ఫోటో కోసమా? గడప దాకా రావద్దని ఆమె అన్నది. నేను రాలేదు, నిజమే. నా బదులు ఒక మనిషికి డబ్బిచ్చి, ఆ గడపలోకి తొంగి చూడమని పంపుతున్నాను. ఇది మాట నిలబెట్టుకోవడమేనా? ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. తెగకపోయినా పంపడం మానలేదు. నెలకొక్కసారి ఆ ముఖం చూడకపోతే ఉండలేనని తెలిసిపోయింది.

ఆశ ఎక్కడ ఆగుతుంది? "ఆ ఫోటో నా ఫోనుకు పంపప్పా" అని అడిగాను. పంపాడు. మోనిషా పచ్చ గౌను వేసుకుని, డబ్బాను రెండు చేతులా గుండెకు అదుముకుని నిలబడి ఉంది. కొట్టంలో పాలు పితుకుతూ కూడా చూసుకున్నాను.

జితేంద్ర ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో చూడలేదు. "అమా, అది మోనిషా కదా?" అన్నాడు.

వాడు ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆ పూట తాగి లేడు. తాగి ఉంటే తిట్టి తరిమేదాన్ని. "ఎంత ఎదిగిందమా... యాడ ఇది? ఒక్కసారి చూసొస్తా. గలాటా చెయ్యను. నీమీద ఒట్టు" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు. నాకు జాలి వేసింది, దాచడమెందుకు? నా కడుపున పుట్టినవాడే కదా. చెప్పేద్దామని ఒక్క క్షణం నాలుక దాకా వచ్చింది. అప్పుడు చూశాను. ఫోటోలో బిడ్డ తల పక్కన, గోడ మీద పలక. ఇంటి ఓనరు పేరు, ఇంటి నంబరు, వీధి పేరు, అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. అన్ని నెలలుగా చూస్తున్నాను, బిడ్డ ముఖం తప్ప నాకు ఇంకేదీ కనబడలేదు. వాడు కూడా ఇంకా బిడ్డ ముఖమే చూస్తున్నాడు.

ఫోన్ లాక్కుని కుడితి తొట్టిలో వేశాను.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు?" అని వాడు అరిచాడు. చెయ్యి పెట్టి తీయబోతే, పాల బిందె ఎత్తి పట్టుకుని అడ్డం నిలబడ్డాను. "ముందు నువ్వు మనిషివి కా. ఆమెకై ఆమె పిలిచిన నాడు పో. అప్పుడు నేనే బస్సెక్కిస్తా" అన్నాను. నన్ను తిట్టుకుంటూ పోయాడు. ఆ సాయంత్రం తాగి వచ్చాడని వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాతి నెల మునిరాజ్ ఎప్పటిలాగే ఫోటో కంపెనీ చీటీ తీశాడు. "అది వద్దప్పా. మొదట పంపినామే, ఆ చౌకది రాయి" అన్నాను.

"చీమల కంపెనీనా?"

"రేకు డబ్బాలో పెట్టినాను. చుట్టూ టేపు వేసినాను."

సంగతి విని అతను చీటీ పక్కన పెట్టాడు. "ఫోటో నా ఫోన్లోనే పెట్టుకుంటా కదక్కా. నువ్వు ఈడికొచ్చి చూసి పో. ఎవురికి తెలుస్తుంది?" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ నా సంగతి నాకు తెలుసు. ఈ నెల చూసి పోతాను. పై నెల ఎట్లాగో కొత్త ఫోన్ కొని, దానికి పంపమంటాను. దాన్ని కూడా తొట్టిలో వేసుకునేంత డబ్బు లేదు నా దగ్గర. పైగా, వాడు ఒకసారి నా వెనక వచ్చినవాడు, ఈ అంగడి దాకా రాడని నమ్మకం ఏముంది?

"వద్దు. ఎవురి ఫోన్లోనూ వద్దు" అన్నాను.

"చేరింది లేంది నీకెట్ల తెలిసేది మరి?"

"తెలియదు" అన్నాను. ఆ నెల అలాగే పంపాను, దాని తర్వాతి నెలా అలాగే పంపాను. చేరింది అని పడింది, అంతే. ఆ జడలు పొడుగైనాయో, ఆ పళ్లు మళ్లీ వచ్చినాయో తెలియక ఇంట్లో ఏ పనీ చేతికి వచ్చేది కాదు.

మళ్లీ శుక్రవారం. రేకు డబ్బాతో అంగడి మెట్టు ఎక్కానో లేదో, మునిరాజ్ ఎదురొచ్చాడు. "రా అక్కా, నీ కోసరమే చూస్తా ఉండాను. నీ పేరుతో ఏదో వచ్చింది. నిన్న నేను తీసుకుంటానంటే తెచ్చినోడు ఇయ్యలేదు. ఎవురి పేరు ఉండాదో ఆ మనిషికే ఇయ్యాలంట. ఈ పూట మళ్లీ తెస్తానన్నాడు."

"నాకు పార్సిల్ పంపేవాళ్లు ఎవురప్పా?" అన్నాను.

కాసేపటికి డెలివరీ అతను వచ్చాడు. బండి స్టాండు వేసి, చిన్న అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. పైన పంపినవాళ్ల దగ్గర ప్రతిభ పేరు. నా పేరు కింద, నేను డబ్బాల మీద వేయించే మునిరాజ్ అంగడి అడ్రెస్సే ఉంది. తర్వాత డెలివరీ అతను ఫోన్ తీసి రెండడుగులు వెనక్కి పోయాడు. "పెట్టె పట్టుకుని ఇట్ల నిలబడమ్మా. ఫోటో తియ్యాల."

"నాది ఎందుకప్పా?"

"అవతలోళ్లు అడిగి మరీ దీన్నే బుక్ చేసినారమ్మా. ఫోటో వాళ్లకు పోతాది."

కోడలు ఫోటో కంపెనీకే వేసింది. అంత రేటు పెట్టి వేసింది. "ఒక్క నిమిషం ఆగప్పా" అని పెట్టె మునిరాజ్ చేతిలో పెట్టి, కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కున్నాను. కొప్పు విప్పి మళ్లీ ముడుచుకున్నాను. పైట సరిచేసుకున్నాను. "నాకింకా చానా ఇండ్లు ఉండాయమ్మా" అని అతను గొణిగాడు. "ఉంటే ఉండనీ. ఈ ఇల్లు కూడా ఒక ఇల్లే" అన్నాను. పెట్టెను రెండు చేతులా పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాను.

తీశాడు. "కండ్లు మూసినావమ్మా."

మళ్లీ తీశాడు. ఫోన్ తిప్పి నాకు చూపించాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడుస్తున్నాను.

"ఇది పంపించేదా?" అని అడిగాడు.

"వద్దప్పా, బిడ్డ బెదురుకుంటాది" అన్నాను. "ఇంకొకటి తియ్యి."