సముద్రం దగ్గర పెట్టిన సున్నా

ముడి అంటే నిర్మలకి భయమూ భక్తీ రెండూ ఉన్నాయి. అది మేనమామ భీముడు పెట్టిన బుద్ధి. అరకు పక్క కొండల్లో, చరియ మీంచి తాడు కట్టుకుని దిగి తేనె తీసే మనిషి అతను. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. దిగేవాడి ముడి ఇంకొకడు చూడాలి. పైనున్నవాడు తాడు గుంజాడంటే, తేనెపట్టు చేతికందుతున్నా సరే, మారుమాట లేకుండా పైకి వచ్చేయాలి.

"దిగినోడికి తేనె కనబడతాది, పైనోడికి తాడు కనబడతాది," అనేవాడు భీముడు.

అలాంటి ఇంటి పిల్ల విమానంలోంచి దూకడం నేర్చుకుందంటే వింతేముంది? నేర్పినవాడు కామేష్. ఎనిమిది వందల సార్లు దూకిన మొనగాడు. కాకపోతే అన్నిసార్లూ సముద్రం ఒడ్డునే దిగాడు. కొండల్లో దిగబోవడం ఇదే మొదలు. నిర్మల ఊరి పక్కన పూతకొచ్చిన వలిసె చేను, అందులో దిగాలి ఇద్దరూ.

ఆ పొద్దున ఒడ్డున విమానం ఎక్కేముందు ఒకరి సరంజామా ఒకరు తడిమి చూసుకున్నారు. గుండె పట్టీ, కాళ్ల పట్టీలు, పారాచూట్ పిడి, అది మొరాయిస్తే లాగాల్సిన రెండోదాని పిడి. అయిపోయాక నిర్మల మళ్లీ మొదటికొచ్చింది. కామేష్ నవ్వాడు.

"ఏటి నిర్మలా, పెళ్లికొడుకుని సింగారించినట్టు సేత్తన్నావు!"

"మా మావ రూలు సార్. పైన నేను వేలు సాపితే మీరు పారాచూట్ తీసెయ్యాలి. మీరు సాపితే నేను తీసెత్తాను. ఎందుకని అడక్కూడదు."

"సరేలే తల్లీ, మీ మావ మాటే మాట."

ఎత్తు చూపే మీటర్లు గడియారాల్లా చేతులకి కట్టుకున్నారు. ముల్లు సున్నాకి తిప్పి, ఒకరిది ఒకరు చూసి మరీ తలూపుకున్నారు. తప్పు ఎక్కడ దొర్లిందో మీరు ఈపాటికి పట్టేసే ఉంటారు. వాళ్లు పట్టలేదు. సముద్రం దగ్గర సున్నా అన్న ముల్లు, అరకు లోయలో నేల మీదే మూడు వేల అడుగులంటుంది. నాలుగు వేల దగ్గర పారాచూట్ తీద్దామని ఇద్దరూ అనుకున్నారు. అంటే కింద మిగిలేది వెయ్యి అడుగులే. అది విచ్చుకోవడానికే ఇంచుమించు అంత కావాలి.

కామేష్‌కి నేలంటే ఇసుక. మరి నిర్మల బుద్ధేమైందంటారా? పుట్టి పెరిగిన ఊరు ఎత్తు మీద ఉందని ఎవరికి తోస్తుంది? ఆమెకి ఇల్లంటే నేలే.

విమానం అరకు లోయ మీదికొచ్చి, ముల్లు పది వేలు చూపగానే దూకారు.

పడుతున్నట్టే లేదు. గాలే పరుపై మోస్తోంది. లోయలో మంచు మెల్లగా విడిపోతుంటే అడుగున వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు బయటపడుతున్నాయి. ఎదురుగా కామేష్ చేతులు చాచి తేలుతున్నాడు. కాలం ఎక్కడో కునుకు తీస్తోంది. ఇలాగే ఉండిపోతే ఎంత బాగుణ్ణు అనుకుంది నిర్మల. నిజంగానే అనుకుంది. చిన్నప్పుడు తేనె చరియ అంచున, మద్ది చెట్టు కింద బోర్లా పడుకుని మావ ఇంటిని చూస్తూ నిద్రపోయిన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. అక్కణ్ణుంచి ఆ ఇల్లు అగ్గిపెట్టెంత ఉండేది.

ఇప్పుడూ దాదాపు అంతే ఉంది. పక్కన కొండ మీద మద్ది చెట్టు కూడా విడిగా కనబడుతోంది.

చేతికేసి చూసుకుంది. ముల్లు ఆరు వేలంటోంది. ఆరు వేల అడుగుల మీంచి మావ ఇల్లు అంత పెద్దగా ఎలా కనబడుతుంది? ఒడ్డున తిప్పిన సున్నా గుర్తొచ్చింది.

కామేష్ వైపు వేలు చాపింది.

అతను నవ్వుతూ తన మీటరు చూపించి, ఇంకా టైముందన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తన పారాచూట్ తీసేసుకుంటే నిర్మల బతుకుతుంది. కానీ అతను ఆ ముల్లునే నమ్ముకుని కిందికి పోతాడు. అది తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది. ఈసారి అతని మొహంలోకి పొడిచినట్టు వేలు చాపింది.

కామేష్ నవ్వు ఆగిపోయింది. ఎందుకో అర్థం కాలేదని అతని మొహమే చెబుతోంది. అయినా చెయ్యి వెనక్కి పోయింది. మరుక్షణం ఎవరో పైకి గుంజేసినట్టు కళ్లముందు నుంచి మాయమయ్యాడు. అప్పుడు లాగింది నిర్మల తన పిడి.

పారాచూట్ విచ్చుకుని రెండు చుట్లు తిరిగిందో లేదో, కాళ్లకి చేను తగిలింది. కాస్త ఆగి కామేష్ కూడా దిగాడు. దిగినవాడు లేవలేదు. పూల మధ్య చతికిలబడే అడిగాడు.

"ఎందుకని అడగొద్దన్నావు గదా, ఇప్పుడు అడగొచ్చా?"

నిర్మల చెయ్యి చాపి మీటరు చూపించింది. కామేష్ మొహం పాలిపోయింది.

ఈలోగా భీముడు పరుగున వచ్చి, పలకరింపైనా లేకుండా మేనకోడలి పట్టీలన్నీ ఒక్కొక్కటే గుంజి చూశాడు. ఆఖరున మీటరు మీదికి వంగాడు.

"మూడు వేలా? ఇదేటే గుంటా! మట్టిలో నిలబడితే ఇంకా గాల్లోనే ఉన్నావంటాదేటి?"

నిర్మల కూర్చుని మట్టి మీద చెయ్యి ఆనించి, రెండో చేత్తో ముల్లుని సున్నాకి తిప్పింది. కామేష్ కూడా తన ముల్లు తిప్పుకున్నాడు. తిప్పి, ఆ చెయ్యి భీముడి ముందుకి చాపాడు.

"నాదీ ఓసారి సూడు మావా."