మినిట్స్‌లో లేని మనిషి

"పదకొండేళ్లలో మీరు ఒక్క మీటింగులోనూ నోరు విప్పలేదేంటి మేడమ్?"

అడిగింది, ఉద్యోగుల ప్రవర్తనను అర్థం చేసుకుని మెరుగుపరచడానికి కంపెనీ పిలిపించిన నిపుణురాలు. అడిగించుకున్నది ఆ మందుల గోడౌన్‌లో గుమాస్తా. ఖాళీ అయిన షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టు ఈసారి తనదేనని గంపెడాశ పెట్టుకున్న మనిషి. మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టిన పాత మినిట్స్ అన్నీ తిరగేసి, నిపుణురాలు తేల్చిందేమిటంటే, మేనేజరువి వందల సూచనలు, ఈవిడవి సున్నా. "చొరవ తక్కువ, శిక్షణ అవసరం" అని రాసుకుని, "ఈసారికి పోస్టు కష్టమేనండీ" అని జాలిపడింది కూడా.

గుమాస్తా ఏం చెబుతుంది? ఆ మినిట్స్ రాసింది తనే మరి.

తన బల్ల దగ్గరికొచ్చి ఫైలు తెరిచింది. 'ఒకేలా కనిపించే మందుల పెట్టెలను వేర్వేరు అరల్లో ఉంచాలని మేనేజరు గారు సూచించారు.' ఆ మాట అన్నది తను. 'బరువు పెట్టెలు కింది అరలో పెట్టాలని మేనేజరు గారు సూచించారు.' అదీ తనే. ఎవరూ మెడమీద కత్తి పెట్టి రాయించలేదు. పెద్దాయన పేరుంటే పని చకచకా అవుతుంది, లేకపోతే నానుస్తారు, అంతే. ఈ విద్య ఆఫీసులో అబ్బింది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో వంటగదికి కిటికీ పెట్టిద్దామంటే అత్తగారు, "నిన్నగాక మొన్నొచ్చావు, అప్పుడే గోడలు పగలగొట్టిస్తావా?" అంది. వారం ఆగి, "మీ అబ్బాయి కిటికీ పెట్టిద్దామంటున్నారత్తయ్యా" అనేసరికి, "వాడికి మొదట్నుంచీ ముందుచూపెక్కువ" అని మురిసిపోయింది. ఇప్పటికీ చుట్టాలొస్తే భర్త ఆ కిటికీ చూపించి, "నా ఐడియానే" అంటాడు. అప్పట్లో అదంతా తన తెలివే అనుకుని సంబరపడింది. ఇప్పుడు తనమీద తనకే ఒళ్లు మండింది. ఎవరైనా దోచుకుంటే దొంగా అని అరవొచ్చు, చేతులారా మూటగట్టి ఇచ్చాక ఎవరిమీదని అరుస్తాం?

శుక్రవారం మీటింగులో మేనేజరు ఎప్పట్లాగే, "నువ్వు రాసుకోమ్మా" అన్నాడు. రాసుకుంటూనే ఆమె, "వాపసొచ్చిన మందుల్ని కొత్త సరుకులో కలపకుండా తలుపు దగ్గరే విడిగా పెడదాం సార్" అంది.

"అదే, నేనూ అదే అనుకుంటున్నా. అలాగే చేయండయ్యా" అన్నాడాయన అందరితో.

సాయంత్రం సంతకానికి కాగితాలు పట్టుకెళ్లింది. సూచన చేసినవారు అన్నచోట ఆమె పేరుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు.

"ఇదేంటమ్మా? నేనూ అదే అనుకున్నానన్నాగా, నా పేరేది?"

"మినిట్స్‌లో అన్నవే రాస్తారు సార్, అనుకున్నవి రాయరు."

ఆయన పెన్ను తీశాడు. ఆమె చంకలోని లావుపాటి కట్ట తీసి ఆయన ముందుకు జరిపింది.

"ఇవి పదకొండేళ్ల మినిట్స్‌కి సవరణలు. వీటిమీద కూడా సంతకం పెట్టండి సార్, పోస్టు తేల్చకముందే ఆ మేడమ్‌కి పంపాలి."