మలుపుల్లేని వంతెన

మా కోనసీమలో కొండల్లేవు. ఎత్తంటే ఏటిగట్టు, అదీ కాదంటే రావులపాలెం వంతెన. ఆరు నెలలపాటు రోజూ ఆత్రేయపురం నుంచి తెల్లారగట్లే సైకిలు మీద వెళ్లి ఆ వంతెనే ఎక్కాను, దిగాను. లారీ డ్రైవర్లు నన్ను గుర్తుపట్టి హారన్ కొట్టేవారు. అలా తయారై, పూతరేకులు చేసుకునే ఈ హేమ ఒమన్‌లో కొండమీద సైకిలు రేసుకు వెళ్లింది.

రేసుకు నా పేరిచ్చింది మస్కట్‌లో డ్రైవరుగా ఉన్న మా ఆయన అయ్యప్ప. కాలేజీ రోజుల్లో నేను రాష్ట్రస్థాయిలో తొక్కానని ఆయనకు మహా గర్వం. మా అత్తయ్య రత్నంగారికి మాత్రం ఒళ్లు మండింది.

"ఆ పొట్టి లాగు ఏసుకుని కొండెక్కుతావా? ఆయ్, ఎక్కమ్మా. దిగొచ్చేక మళ్లీ రేకుల కుండ ముందు కూర్చోగలిగితే చాలు," అన్నారు.

రేసు రోజు ఎండ మాడ్చేసింది. నాకదో లెక్కా? పదిహేనేళ్లుగా నిప్పుల మీద బోర్లించిన కుండ ముందు కూర్చుంటున్నదాన్ని. మిగతా అమ్మాయిలు నెత్తిన నీళ్లు గుమ్మరించుకుంటుంటే నేను దాటేశాను. ఒకరిని, ఇద్దరిని, ఐదుగురిని. తొడలు మండిపోతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, అయినా నవ్వొస్తోంది. కొండ కొసకు చేరేసరికి నా ముందు ఎనిమిది మందే. సంతోషం పట్టలేక తెలుగులో పెద్దగా అరిచాను.

ఆ తర్వాత దిగుడు. నా తెలివి అప్పుడు బయటపడింది. వంతెన తిన్నగా ఉంటుంది, కొండ రోడ్డు తిన్నగా ఉండదు. ఆరు నెలల్లో నేను ఒక్క మలుపు కూడా తిరగలేదు. రెండు మలుపులు ఎలాగో గట్టెక్కాను. మూడోదాంట్లో భయపడి బ్రేకు గట్టిగా పట్టేశాను. సైకిలు ఒకవైపు, నేనొకవైపు. కుడి భుజం దగ్గర టప్‌మంది.

రేసువాళ్లు వచ్చి వ్యాను ఎక్కమన్నారు. చెయ్యి ఒకటి పోతే ఏం, కాళ్లు రెండూ ఉన్నాయిగా. మలుపుల దగ్గర దిగి నడిచాను, మిగతా దారంతా ఎడమచేత్తో పట్టుకుని తొక్కాను. గడువుకు నాలుగు నిమిషాల ముందు ముగింపు గీత దాటాను. ఆఖరి నుంచి రెండోదాన్ని. రేసు పూర్తిచేసిన అందరికీ ఇచ్చే పతకం మెడలో వేస్తుంటే భోరున ఏడ్చాను, నొప్పికీ సంతోషానికీ కలిపి.

అక్కడి ఆసుపత్రిలో కాలర్ బోన్‌కు ప్లేటు వేసి ఇంటికి పంపారు. మూడు నెలలకు ఎముక అతుక్కుంది. అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే విజయగారు చెప్పిన వ్యాయామాలన్నీ చేశాను. అయినా చెయ్యి సరిగ్గా లేవడం లేదు.

"వచ్చే ఏడు రేసుకి మళ్లీ పేరివ్వాలనుందండీ," అన్నాను ఒకరోజు.

నిప్పులు ఎగదోస్తున్న అత్తయ్య తలెత్తలేదు. "చిరక్కుండా ఒక్క రేకు తియ్యి. అప్పుడు మాట్లాడదాం."

పలచటి గుడ్డను పిండినీళ్లలో ముంచి, వేడి కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగాలి. రెండు చేతులూ ఒక్కలా కదలకపోతే రేకు పనికిరాదు. మొదటి రోజు నా రేకులన్నీ కుడివైపు ముద్ద, ఎడమవైపు చిల్లులు. అత్తయ్య ఆ ముక్కలు బెల్లంతో నోట్లో వేసుకుని, "రుచికేం లోటు లేదు," అన్నారు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఇక రోజూ కూర్చున్నాను. ఇరవై రేకులు, ముప్పై, నలభై. అన్నీ చిరిగాయి.

నిన్న పొద్దున్న నొప్పి సంగతే మర్చిపోయి గుడ్డ లాగాను. రేకు అంచు నుంచి అంచు దాకా నిండుగా లేచింది. వెలుతురుకు ఎత్తి చూశాను. ఒక్క చిల్లు లేదు. అవతల నిలబడ్డ అత్తయ్య మొహం అందులోంచి కనిపించింది.

"అత్తయ్యగారూ, చూసేరా?"

"చూసేనమ్మా." ఆవిడ రేకును రెండు అరచేతుల్లోకి తీసుకున్నారు. "రాజమండ్రి నుంచి మారేడుమిల్లి కొండలకి పొద్దున్నే బస్సుందంట. సైకిలు కూడా పైన వేసుకుంటారంట. కనుక్కున్నాను."

"ఎప్పుడు కనుక్కున్నారండీ?"

"నువ్వు కట్టుతో వచ్చిన వారమే. ఎక్కడం నీకు వచ్చుగా. మలుపులు నేర్చుకోవద్దూ?"