మూడో కక్ష్యలో ఒక్కడు

మీరే చేశారు. రజాకార్ల కాలంలో పట్నం పారిపోయి, యూనియన్ మిలిట్రీ లారీల వెనక తెల్ల టోపీ పెట్టుకుని తిరిగొచ్చిన దొరా, నువ్వు చేశావు. దొర ఎంగిలి మెతుకులకు నాలుక అమ్ముకున్న మున్షీ గోపయ్యా, నువ్వు చేశావు. భాష తెలియని ఊళ్లో తుపాకి తిప్పుకుంటూ తిరిగే కప్తానూ, నువ్వు తెలిసి తెలిసి చేశావు. గొర్రెలోళ్ల ఆడమనిషి నోట్లో ఒక్క యవత్తు జారితే, దానికి ఒక మనిషి ప్రాణం తూచారు. జరిగింది చెబుతాను. కాదనండి చూద్దాం.

దిండి వాగు ఒడ్డున ఉన్న కుర్మగూడెం అది. సత్తమ్మ ఆ గూడేనికి కోడలు. మొగుడు మల్లన్న మందను తోలుకుని అచ్చంపేట అడవి దిక్కు పోయాడు. ఇంట్లో ఆమె, అత్త బీరమ్మ. సత్తమ్మ పుట్టు పిరికిది. ఆకు కదిలినా ఉలిక్కిపడేది. గూడెంలో అందరూ ఆ పిరికితనం మీద జోకులు వేసుకునేవాళ్లు.

రఘుపతి పక్క ఊరి కాపు రైతు కొడుకు. హైదరాబాదులో ఉర్దూలో సైన్సు చదివాడు. గడబిడల్లో కాలేజీ మూతపడితే ఇంటికొచ్చాడు. తుపాకి ముట్టినవాడు కాదు. గూడెంలోని గొర్రెల కొట్టంలో, పని తీరిన పూట, వచ్చినవాళ్లకు అక్షరాలు చెప్పాడు. ఇదీ అతని నేరం. ఇంకోటి లేదు.

గొర్రెలకు బండల మీద ఉప్పు చల్లుతారు, నాకడానికి. ఒకనాడు చల్లి వచ్చిన సత్తమ్మ అడిగింది.

"పంతులూ, గీ ఉప్పు దేంతోని అయితది?"

రఘుపతి ముఖం వెలిగిపోయింది. కొట్టం గోడ మీద జాజు ఎర్రమన్నుతో మూడు వలయాలు గీశాడు. నడుమ ఒక గుండు పెట్టాడు. వలయాల మీద సున్నపు చుక్కలు పెట్టాడు. లోపలి దాని మీద రెండు, నడిమి దాని మీద ఎనిమిది, బయటి దాని మీద ఒక్కటి.

"గిది సోడియం అనే లోహం అక్కా. కంటికి ఆననంత చిన్న పలుకు, దాన్ని పరమాణువు అంటరు. నడుమ ఉన్నది కాపరి అనుకో. గీ చుక్కలు ఎలక్ట్రాన్లు, మంద. మంద చెదరకుండ కాపరి తనదిక్కు గుంజుకుంటడు. లోపలి గొర్రెలకు కాపరి కేక గట్టిగ వినబడ్తది. అంచున ఉన్నదానికి? నడుమ పది గొర్రెలు అడ్డం. కేక సగం కూడ అందదు."

"తోడేలు దాన్నే పట్కపోతది," అంది బీరమ్మ.

"గదే అవ్వా! ఆ ఒక్కదాన్ని గుంజాలంటే కొంచెం బలం చాలు. గా బలం పేరు అయనీకరణ శక్తి. అది పోయినంక రెండోదాన్ని గుంజు చూద్దాం. తొమ్మిదింతలు కావాలె, ఇంకా పైనే. ఎందుకంటే మిగిలినయి నిండు కక్ష్యల, గీ లోపలి వలయాల ఉన్నయి, కాపరికి దగ్గర, అడ్డం తక్కువ."

"పోయిందేడికి పోతది?" అడిగింది సత్తమ్మ.

"క్లోరిన్ అని ఇంకో మంద ఉంటది, విషవాయువు. దాని అంచు కక్ష్యల ఒకటి తక్కువ. ఇది ఇస్తది, అది తీసుకుంటది. రెండూ కరుసుకుంటే ఉప్పు."

"అయితే రోజూ విషం తింటున్నమా కొడకా? దొర ఇంట్ల జర ఎక్కువేస్తే బాగుండు!" అంది బీరమ్మ.

కొట్టం అంతా నవ్వింది. కక్ష్య అనే మాట మాత్రం ఎవరికీ నోరు తిరగలేదు. మొదటి కక్ష, రెండో కక్ష, మూడో కక్ష అని, చుక్కలను ఒక్కడు, ఇద్దరు అని మనుషుల్లా లెక్కపెడుతూ సత్తమ్మ వల్లించింది.

"కక్ష కాదక్కా, కక్ష్య. కక్ష అంటే పగ."

"మాకు తెలిసింది గదే పంతులు," అంది బీరమ్మ. మళ్లీ నవ్వారు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

తుపాకి పట్టిన సంఘపోళ్లను వెతుకుతూ మిలిట్రీ పట్టపగలే వచ్చింది. లారీల మోత వినగానే సత్తమ్మ తలుపు చాటుకు దూరింది. ఆడా మగా ముసలీ ముతకా అందరినీ దొడ్డి ముందు నేల మీద కూలేశారు. సత్తమ్మ అంచున పడింది. ఆ పూట గూడెంలోనే ఉన్న రఘుపతి ఎదురుపోయి కప్తానుతో ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు. తుపాకి మడమ దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆమె విన్నది. ఆ తరువాత అతని నోట్లోంచి నెత్తురే గాని మాట రాలేదు. దొడ్డి గుంజకు కట్టేశారు.

ఒక జవాను కొట్టంలోంచి కేకేశాడు. కప్తాను, అతని వెంట వచ్చిన దొర, గోపయ్య లోపలికి పోయి గోడ చూశారు. బయటికొచ్చిన గోపయ్య కళ్లు గుంపు మీద తిరిగాయి. ఎవరు వణుకుతున్నారో వాడికి తెలుసు. సత్తమ్మ రెక్క పట్టి గోడ ముందుకు ఈడ్చాడు.

"ఏందే సత్తీ, గా బొమ్మ?"

ఆమె గోడ దిక్కు చూసింది. నిజం చెబితే విడిచిపెడతారనుకుంది. పాఠమే కదా, తప్పేముంది?

"నీ బాంచెన్, అవి మూడు కక్షలు. మొదటి కక్షల ఇద్దరు. రెండో కక్షల ఎనిమిది మంది. మూడో కక్షల ఒక్కడు. ముందుగాల ఆ ఒక్కన్ని గుంజాలె."

గోపయ్య పళ్లు బయటపడ్డాయి. కప్తాను దిక్కు తిరిగి ఉర్దూలో చెప్పాడు. సత్తమ్మకు ఉర్దూ అంతంత మాత్రమే. కానీ 'దుష్మనీ' అంటే పగ అని తెలియంది ఎవరికి? మొదటి దుష్మనీలో ఇద్దరు, రెండో దానిలో ఎనిమిది మంది, మూడో దానిలో ఒక్కడు. చంపాల్సినవాళ్ల లెక్క అని చెబుతున్నాడు!

"లోపలి ఇద్దరు నేను, నా తమ్ముడే. నడుమ ఎనిమిది మంది నా మనుషులు," అన్నాడు దొర.

"బయటి ఒక్కడు?" అన్నాడు కప్తాను.

"నేనే దొరా!" గోపయ్య గొంతు కీచుమంది. తన అబద్ధానికి తానే జడుసుకున్నాడు.

కప్తాను వాగు దిక్కు చెయ్యి చూపాడు. వాగు దిక్కు తీసుకుపోయినవాళ్లు తిరిగిరారని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. 'పారిపోబోయాడు, కాల్చాం' అని రాసుకుంటారు, అంతే. జవాన్లు రఘుపతి కట్లు విప్పుతున్నారు. అతను సత్తమ్మనే చూస్తున్నాడు. తిట్టే చూపు కాదు. అందుకే ఆమె ముఖం తిప్పుకుంది. తన నోరు. తన నోట్లోంచి జారిన ఒక్క ఒత్తు.

లేచి చెప్పాలి. ఎవరికి చెప్పాలి? గోపయ్యకు చెబితే మళ్లీ దుష్మనీయే అవుతుంది. గుంపులోకి పాక్కుంటూ పోయి అత్త కొంగు కింద దూరాలనిపించింది. చీర తడిసింది, తనకే తెలియలేదు. అంచు గొర్రెను నేనే, తోడేలుకు నేనే దొరికిన అనుకుంది. అట్లా అనుకుంటూనే ముందుకు నడిచింది. కాళ్లు ఎట్లా కదిలాయో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"సోడియం!" అని అరిచింది.

కప్తాను ఆగాడు.

"సోడియం!" గోడ మీది చుక్కలు వేలితో పొడిచి చూపింది. రెండు. ఎనిమిది. ఒకటి. ఆ ఒకటిని గోటితో గీకి రాల్చింది. కొంగు ముడి విప్పి, గొర్రెల కోసం దాచిన ఉప్పుకల్లు అరచేతిలో పోసి చాపింది. "నమక్! సాబ్, నమక్!"

గోపయ్య కొట్టబోయాడు. కప్తాను వాణ్ణి పక్కకు నెట్టాడు. గోడకు దగ్గరగా పోయి, పెదవులు కదిలిస్తూ చుక్కలు లెక్కపెట్టాడు. అతని ముఖంలో బడిపిల్లవాడొకడు క్షణం సేపు కనబడ్డాడు. నవ్వాడు కూడా. పంతులు బతికినట్టే అనుకుంది సత్తమ్మ.

దొర అతని చెవిలో ఏదో ఊదాడు. నవ్వు ఆరిపోయింది. వాగు దిక్కు పోతున్న జవాన్లను వెనక్కి పిలిచి, లారీ చూపాడు.

"సంబరపడకే," అన్నాడు గోపయ్య. "కాల్చరట. జైల్ల వేస్తరట. గొర్రెల కొట్టంల గిసొంటి చదువు చెప్పెటోడు తుపాకి పట్టినోనికన్న పెద్ద దుష్మన్ అంటుండు దొర. చెప్పు, ఇంకెవరెవరు చదివిండ్రు? మందల ఎంట పోయిన మీ మొగోళ్లు ఏడ ఉన్నరు?"

సత్తమ్మ ఉప్పు ఉన్న పిడికిలి బిగించింది. గోపయ్య గుంపు మీద పడ్డాడు. బీరమ్మ జుట్టు పట్టి లేపాడు. ముసల్ది మిట్ట మధ్యాహ్నం చలి పట్టినట్టు వణికింది, నోరు మాత్రం విప్పలేదు. పక్కామెను తన్నాడు. ఆమే అంతే. అందరి పళ్లూ భయంతో టకటక కొట్టుకుంటున్నాయి, ఒక్క పెదవి తెరుచుకోలేదు. ఒకరినొకరు పట్టుకున్న చేతులను విడదీయడానికి జవాన్లకు చెమటలు పట్టాయి. చివరికి విసిగి పోయారు. లారీలో రఘుపతి తల వాలిపోయి ఉంది.

ఆ రోజు నుంచి సత్తమ్మ ఒక్కో మాటను నోట్లో రెండుసార్లు తిప్పిగాని బయటపెట్టదు. ఎండిన ఆకు పొర్లినా లారీ అనుకుంటుంది. వాళ్లు పోయాక గోపయ్య మనుషులు గోడకు పేడ పూశారు. పేడ ఎండి పెళ్లలు రాలుతుంటే జాజు వలయాలు మళ్లీ తేలుతున్నాయి. ఆమె వాటి దిక్కు చూడటానికే భయపడుతుంది. అయినా కొట్టం విడిచి పోదు.

రఘుపతి జైల్లోనే ఉన్నాడు. నేరమేమిటో కాగితం మీద పెట్టలేదు, కోర్టు గడప ఎక్కించలేదు. విరిగిన దవడకు దవాఖాన చూపలేదు. గంజి తాగి బతుకుతున్నాడని చూసొచ్చినవాళ్లు చెబుతున్నారు. అది కక్ష కాదని కప్తానుకు తెలుసు. ఆ తెలిసిన ముక్కను పై అధికారి ముందు చెప్పమనండి. మున్షీని ఆ జాగా నుంచి దింపండి, మా మాట తెలిసినవాణ్ణి పెట్టండి. సత్తమ్మ వణుక్కుంటూనే జైలు గేటుకు బయలుదేరుతోంది, కొంగున ఉప్పు కట్టుకుని. ఆమెను మళ్లీ అంచున ఒంటరిగా నిలబెట్టకండి. చదివినవాళ్లూ, చదవనివాళ్లూ, లేవండి, ఆమె వెంట నడవండి. రఘుపతిని విడిపించండి. విచారణ తరువాత కాదు, పంటలు కోసినంక కాదు. ఇప్పుడే.