ఈటా చదివిన పేజీ

పొద్దున్నే డెర్వ్లా హెహిర్ చేసే మొదటి పని కార్డు తీయడం. వంటగది బల్ల ముందు కూర్చుని, కట్టను మూడుసార్లు కలిపి, ఎడమచేత్తో ఒకటి లాగి, దాని ముఖం చూసి పుస్తకంలో అరపేజీ రాస్తుంది. కార్డుల మీద బొమ్మలన్నీ ఐర్లండు పాత కథల్లోవి. దుప్పికొమ్ముల దేవుడు, అన్నీ తెలిసిన చేప, ఒడినిండా బండరాళ్లు మోసుకుతిరిగే చలికాలపు ముసలమ్మ. జాతకం కోసం కాదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. "రేపేమవుతుందో నాకెందుకమ్మా. నా లోపలేముందో చూసుకోడానికి ఇది," అంటుంది.

మాట బాగానే ఉంది. చిక్కల్లా ఆచరణలో వచ్చింది. ఏ కార్డు తీసినా ఆవిడకి అందులో చెల్లెలు ఈటాయే కనిపించేది. గర్వం గురించిన కార్డొస్తే ఈటా గర్వం, పట్టుదల కార్డొస్తే ఈటా మొండితనం. గురివింద గింజ సామెత ఊరికే పుట్టిందా? నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నిండిన పుస్తకంలో తన గురించి రాసుకున్నది ఒక్కటే పేజీ. అది కుక్క చచ్చిపోయిన రోజుది.

అక్కచెల్లెళ్లిద్దరికీ అరవై దాటాయి. తల్లి మంచం పట్టిన పదేళ్లూ ఈటాయే చూసుకుంది. డెర్వ్లా డబ్లిన్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి వచ్చి, కర్టెన్లు మాసిపోయాయని వంక పెట్టి వెళ్లేది. నిరుడు తల్లి పోయింది, ఆ వేసవిలోనే డెర్వ్లా ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేసింది. టీ పెట్టడం, పొయ్యి రాజేయడం, కారు నడపడం అన్నీ ఈటావే. కార్డులు తీయడం మాత్రం డెర్వ్లాది.

నెలకోసారి ఊరి హాల్లో ఇలాగే కార్డులు తీసే ఆరుగురు ఆడవాళ్లు తమ పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. పెద్దరికం అసంప్టాది. ముప్పై ఏళ్లు బడిపంతులమ్మగా చేసిన మనిషి, అరవయ్యేళ్లవాళ్లని కూడా "అమ్మాయిలూ" అని పిలిచి కూర్చోబెడుతుంది. ఫిబ్రవరి మొదట్లో వచ్చే బ్రిజిడ్ పండగకి ఆవిడ పెట్టిన ఆచారం ఒకటుంది. పుస్తకం పక్కమనిషికివ్వాలి, ఆ మనిషి చేతికొచ్చిన పేజీ తెరిచి పైకి చదవాలి, తర్వాత రాసినావిడ అదే పేజీ తన నోటితో చదవాలి. "మన రాత మన గొంతులో వింటే ముద్దొస్తుంది. పక్కవాళ్ల గొంతులో వింటే బుద్ధొస్తుంది," అంటుంది అసంప్టా.

ఈసారి పండగకి డెర్వ్లా జాగ్రత్త పడే వచ్చింది. తన జోడీ మోరాకి చత్వారం, కుక్క పేజీలో రిబ్బను పెట్టి ఇస్తే ఆవిడ అక్కడే తెరుస్తుంది. తీరా చూస్తే మోరా జ్వరంతో పడుకుందని కబురు.

"జోడీ లేకపోతే ఎలా?" అంటూ అసంప్టా తలుపువైపు చూసింది. అక్కని దింపడానికి వచ్చిన ఈటా అక్కడ కుర్చీలో కూర్చుని మేజోడు అల్లుకుంటోంది. "ఈటా, నువ్వు రా అమ్మాయ్. చదవడం వచ్చుగా?"

"సంతకం దాకా వచ్చు," అంది ఈటా. అందరూ నవ్వారు.

"దానికి వీటిమీద నమ్మకం లేదు, వదిలెయ్యండి," అంది డెర్వ్లా గబగబా.

"నమ్మకంతో పనేముంది? కళ్లుంటే చాలు," అంది అసంప్టా. "డెర్వ్లా, ఆ రిబ్బను తీసెయ్, దొంగా. నాకు తెలీదనుకున్నావా?"

పుస్తకం ఈటా ఒళ్లోకి వెళ్లిపోయింది. ఈటా మధ్యలో ఎక్కడో తెరిచింది. పేజీ పైన డెర్వ్లా గీసుకున్న బొమ్మ తలకిందులుగా కూడా గుర్తుపట్టేలా ఉంది. చలికాలపు ముసలమ్మ. దాని కింద ఏం రాసిందో డెర్వ్లాకి అక్షరం అక్షరం గుర్తుంది. 'ఇది అచ్చం ఈటా. అమ్మ పక్కన పదేళ్లు కూర్చుందని ఇల్లంతా తనదే అనుకుంటుంది. అమ్మ పోయినా దీని పెత్తనం పోలేదు. దీన్ని ఎవరూ చేసుకోకపోవడంలో వింతేముంది?'

డెర్వ్లా లాక్కుందామని సగం లేచింది. అందరూ తనవైపే చూస్తుంటే మళ్లీ కూర్చుంది.

ఈటా కళ్లజోడు పెట్టుకుంది. పేజీని పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది. గొంతు సవరించుకుని చదివింది.

"చలికాలపు ముసలమ్మ వచ్చింది. నా ఒడిలో ఉన్న బండరాయి ఏదని అడుగుతోంది. అమ్మని పదేళ్లు నా చెల్లెలు చూసింది. నేను చుట్టంలా వచ్చిపోయాను. అమ్మకి ప్రాణం మీదికొచ్చిందని అది ఫోను చేస్తే, మర్నాడు పొద్దున రైలుకి వస్తానన్నాను. ఆ సాయంత్రం ఇంకో రైలుంది, అదెక్కితే అమ్మని ప్రాణంతో ఉండగా చూసేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు. ఇన్నాళ్లూ అది అడగలేదు, నేను చెప్పలేదు."

పుస్తకం మూసింది. మజెల్లా అనే ఆవిడ ముక్కు తుడుచుకుంది.

"మూడేళ్లుగా వింటున్నాను, ఇంత నిజం రాసినవాళ్లని చూళ్లేదు," అంది అసంప్టా. "డెర్వ్లా, ఇప్పుడు నీ నోటితో."

అదీ శిక్ష. ఈటా పుస్తకం తెచ్చి, పేజీ వెతికి మరీ చేతిలో పెట్టింది. కళ్ల ముందు తన రాత, తన ఇంకు, తన విషం. దాన్ని చదివితే చెల్లెలి పరువు నలుగురిలో పోతుంది. చదవకపోతే తనది. డెర్వ్లా రాసింది చూస్తూ రాయనిది చదవడం మొదలుపెట్టింది. ముసలమ్మ, బండరాయి, పదేళ్లు. మజెల్లా తనవైపు భక్తిగా చూస్తుంటే ఆ చూపు ఒంటిమీద కారంలా పడింది. "పొద్దున రైలుకి వస్తానన్నాను" దగ్గర నోరు ఆగిపోయింది.

"సాయంత్రం," అంది ఈటా నెమ్మదిగా, నేలవైపు చూస్తూ.

"సాయంత్రం ఇంకో రైలుంది," అంది డెర్వ్లా. మిగతాది ఎలా పూర్తి చేసిందో ఆవిడకే తెలీదు. చప్పట్లు కొట్టారు. జన్మలో అంత తల కొట్టేసినట్టు ఎప్పుడూ కాలేదు. టీ ఇచ్చారు, కేకు ముక్క పెట్టారు, ఇద్దరు వచ్చి బుగ్గమీద ముద్దు పెట్టారు. అన్నీ దొంగసొత్తులా పుచ్చుకుంది.

తిరుగుదారిలో వాన. కారు సముద్రం పక్కనుంచి వెళుతోంది.

"అప్పటికప్పుడు అంతెలా అల్లావు?" అంది చివరికి డెర్వ్లా.

"అప్పటికప్పుడేం కాదు. పుస్తకం బల్లమీదే పడేసి స్నానానికి పోతావుగా. నవంబరు నుంచీ చదువుతున్నా. తప్పే అనుకో." ఈటా అద్దం తుడిచింది. "ఇవాళైనా రైలు సంగతి రాస్తావేమోనని చూసేదాన్ని. నువ్వు నన్ను తిట్టి ఊరుకునేదానివి. గిన్నెలు తోముకుంటూ ఆ పేజీ నేనే మనసులో రాసుకునేదాన్ని."

మూడు నెలలు. ఆ తిట్లన్నీ చదువుకుని, ఆ వెంటనే తన ముందు టీ కప్పు పెట్టిన చేతులవి. డెర్వ్లాకి వాటివైపు చూడ్డానికి మొహం చెల్లలేదు.

"నన్నే అడిగి ఉండాల్సింది," అంది.

"అడిగితే చెప్పేదానివి. అడిగించుకుని చెప్పేది నాకెందుకు?"

డెర్వ్లా కిటికీవైపు తిరిగింది. ఎన్ని సాకులుండేవి ఆ రోజుకి! ఆఫీసు, తుఫాను, ఒంట్లో నలత. అందరికీ తలా ఒకటి చెప్పింది. ఇప్పుడు వెతికితే ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ సాయంత్రం స్టేషనుకి వెళ్లాను ఈటా," అంది. "సంచీ కూడా సర్దుకునే వెళ్లాను. రైలు నిలబడి ఉంది. ఎక్కలేదు. అమ్మని అలా చూడాలంటే భయమేసింది. ఎలాగూ నువ్వుంటావు కదా అనుకుని వెనక్కెళ్లిపోయాను."

ఈటా కారుని ఇంటివైపు మలుపు తిప్పింది.

"ఉన్నాను," అంది.