ఆరుగురు మాత్రమే, కక్షలు లేకుండా

ప్రతి ఆదివారం లాగే ఆ ఆదివారం కూడా టీచరమ్మ చార్టు చుట్టని చంకలో పెట్టుకుని ఐదో అంతస్తు నుంచి మెట్లు దిగడానికి తయారైంది. సండే స్కూల్లో ఆమె పాఠం చెబితే గోడలు కూడా వింటాయని పేరు. ఆ రోజు పాఠం ఎదుటివాడి కంట్లో నలుసు, మన కంట్లో దూలం. దూలం చివరి బెంచీ వాళ్ళకి కూడా కనపడాలని శనివారమంతా కూర్చుని ఓ రంగు పెన్సిలు పూర్తిగా అరగదీసింది.

లిఫ్టు ఉండగా మెట్లెందుకండీ అంటే, "మోకాళ్ళకి మంచిది" అనేది. ఆ మోకాళ్ళు ఎప్పుడో పాడైపోయాయి. అయినా బిల్డింగులో ఎవరూ రెండోసారి అడగలేదు. అక్కడి లిఫ్టు కక్ష పెట్టుకున్నవాళ్ళని మోయదు. బరువెక్కువైందని గంట కొడుతుంది, తలుపు మూసుకోదు. మెకానిక్కు మూడుసార్లు విప్పి చూసి, "మిషన్ బాగానే ఉంది, మీలో మీరే చూసుకోండి" అనేసి పోయాడు. 'ఆరుగురు మాత్రమే' అన్న బోర్డు కింద ఎవరో పెయింటుతో 'కక్షలు లేకుండా' అని రాశారు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే రెండు రోజులు మెట్లెక్కేవారు, మూడో రోజు నవ్వుకుంటూ లిఫ్టెక్కేవారు. టీచరమ్మది మాత్రం ఆరేళ్ళుగా మెట్ల దారే.

ఆమె కక్ష ఆరో అంతస్తులో ఉంటుంది. సొంత అక్క. ఒంట్లో బాగోక ఆరేళ్ళుగా ఇల్లు కదలదని అంతా అంటారు. వాళ్ళమ్మ అక్క ఇంట్లోనే మంచాన పడింది, అక్క దగ్గరే పోయింది. ఆ రోజూ ఆదివారమే. టీచరమ్మ రెండు వీధుల అవతల చర్చిలో పిల్లలకి పాఠం చెబుతోంది, ఫోను బల్ల మీదే ఉంది. గంటసేపు అమ్మ ప్రాణం కొట్టుకుంటుంటే అక్క ఫోన్ చెయ్యలేదు. అంతా అయిపోయాక చేసింది. కన్నతల్లి కడచూపు దక్కనివ్వని మనిషిని ఎలా క్షమించాలో చెప్పండి? క్షమించండర్రా అని పిల్లలకైతే చెప్పొచ్చు.

రెండు మెట్లు దిగిందో లేదో పైనుంచి అక్క పక్కింటాయన కేక వేశాడు.

"టీచరమ్మగారూ! మీ అక్కగారు పడిపోయారు! అంబులెన్సుకి చెప్పాను, మీరు రండి!"

ఆరేళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది. అక్క గోడకి జారగిలబడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి, జాకెట్టంతా చెమట. టీచరమ్మ వంగి కొంగుతో అక్క మొహం తుడిచింది. ఎంత కక్ష ఉంటే మాత్రం, తోడబుట్టింది కదా.

అంబులెన్సు వాళ్ళిద్దరూ స్ట్రెచరుతో వచ్చారు. వాళ్ళలో పెద్దాయన నాడి చూసి, మూతికి ఆక్సిజన్ మాస్కు తగిలించి, "గుండె. నడిపించకూడదు. మీ మెట్ల మలుపుల్లో స్ట్రెచర్ తిరగదు. లిఫ్టులో పదండి, తొందరగా" అన్నాడు.

స్ట్రెచర్ లోపలికి తోశారు. టీచరమ్మ కూడా ఎక్కింది. గంట మోగింది.

అందరూ ఆమె వైపే చూశారు. సిగ్గుతో చచ్చిపోయింది. "అక్కా, నిన్ను క్షమించేశాను" అంది గబగబా. గంట ఆగలేదు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి మళ్ళీ అంది. గంట మోగుతూనే ఉంది.

"ఇంకోసారి గట్టిగా అని చూడండి," అన్నాడు పక్కింటాయన.

"డెబ్బైసార్లు అనేంత టైము లేదు సార్. దిగండమ్మా మీరు," అన్నాడు పెద్దాయన.

టీచరమ్మ దిగింది. గంట ఆగలేదు.

పెద్దాయన దిగి చూశాడు, రెండోవాడూ దిగాడు. లోపల అక్క ఒక్కతే ఉంది. గంట మోగుతూనే ఉంది. అక్క ఆరేళ్ళుగా ఇల్లు కదలకపోవడం ఒంట్లో బాగోక కాదని టీచరమ్మకి అప్పుడు తెలిసింది. తెలిసి ఒళ్ళు మండిపోయింది.

"నామీద నీకు కక్షా? నేనేం చేశానక్కా నిన్ను?"

అక్క మూతి మీది మాస్కు కొంచెం పక్కకి లాగింది. "సమాధి దగ్గర... ఏమన్నావే?"

ఏమంది? ఏడ్చింది, అంతే కదా. ఆ తర్వాత... అంది. పాస్టరుగారి ముందు, బంధువులందరి ముందు, వేలు చూపించి మరీ అంది. 'అమ్మని నువ్వే పొట్టన పెట్టుకున్నావు' అని. తొమ్మిదేళ్ళు అమ్మ ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, ముద్ద కలిపి పెట్టిన మనిషిని! తనేమో ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి అరగంట కూర్చుని వెళ్ళేది. కొట్టినవాళ్ళు మర్చిపోతారు, తిన్నవాళ్ళు మర్చిపోతారా?

చార్టు చేతిలోంచి జారిపోయింది. టీచరమ్మ మళ్ళీ లిఫ్టులోకి వెళ్ళి, స్ట్రెచర్ పక్కన ఆ పాడు మోకాళ్ళ మీదే కూలబడింది.

"అన్నానక్కా. చాకిరీ అంతా నీది, ఆ మాట నాది. ఇన్నాళ్ళూ నాకు గుర్తు కూడా లేదు, చూడు నా బతుకు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు నాకు."

గంట మోగుతూనే ఉంది. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. అక్క చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఫోను పక్కగదిలో ఉందే," అంది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "అమ్మ నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుంటే భయపడుతుందేమోనని... వదల్లేకపోయాను."

"అయ్యో అక్కా! ఆరేళ్ళలో ఒక్కసారి అడగలేదే నేను!"

గంట ఆగిపోయింది.

అంబులెన్సు వాళ్ళు గబగబా ఎక్కారు, పెద్దాయన కింది బటన్ నొక్కాడు, తలుపు మూసుకుంది. పక్కింటాయన చార్టు తీసి, దుమ్ము దులిపి, తన గుమ్మానికి ఆనించి పెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సూది వేసి, తెర మీద గీతలు చూసి, గట్టిగా ఊపిరి వదిలింది. "సమయానికి తెచ్చారు. ఇంకో పది నిమిషాలైతే మా చేతుల్లో ఉండేది కాదు."

టీచరమ్మ సంచిలో ఫోను మోగింది. చర్చి నుంచే అయ్యుంటుంది. పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఆగి మళ్ళీ మోగింది.

"ఫోనమ్మా," అంది నర్సు.

అక్క నిద్రలోకి జారుకుంటూ చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. సంచి ఆ చేతి వైపే, మంచం కింద ఉంది. వంగి తీయాలంటే ఆ పట్టు విడిపించుకోవాలి.

"మోగనీ తల్లీ," అంది టీచరమ్మ. "నా చెయ్యి ఖాళీ లేదు."