నాలుగు గళ్ల పటం

పెద్ద డాక్టరమ్మ ఆ క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో పంతొమ్మిదేళ్లు ముందస్తు పరీక్షల విభాగాన్ని నడిపింది. బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లను ఏటా పరీక్షించడం, ఎవరికి జబ్బు ఎందుకు ముదురుతోందో రాసిపెట్టడం ఆ విభాగం పని. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే ఇప్పుడు కేంద్రానికి డైరెక్టరు.

కుర్చీ ఎక్కిన మూడో నెలలో అతను ఆమెను తన గదికి పిలిచాడు. బల్ల మీద పరిశోధన విభాగాల పటం ఉంది. ఐదు గళ్లు ఉండాల్సిన చోట నాలుగే ఉన్నాయి.

"మీ విభాగాన్ని జన్యు పరిశోధనలో కలిపేస్తున్నాం మేడమ్. మన పరిశోధనల లెక్క చూడ్డానికి వచ్చే నెల బయటి కమిటీ వస్తోంది. రెండేళ్లుగా పెద్ద పత్రికల్లో మీ వ్యాసం ఒక్కటీ లేదు."

"నాలుగొందల మందికి జబ్బు మొదట్లోనే పట్టుకున్నాం. దాన్ని ఏ పత్రికలో వేయించమంటావు?"

"నాకు తెలీదా మేడమ్? కానీ నా చేతులు కట్టేశారు."

"కట్టేసిన చేతుల్తో సంతకం ఎలా పెట్టావురా?"

ఆ 'రా' వినగానే అతని మొహం మాడిపోయింది.

ఆమెను సలహాదారును చేసి, మెట్ల పక్కన ఇరుకు గది ఇచ్చారు. సలహా అడగడానికి ఆ గడప తొక్కినవాడు లేడు. పన్నెండేళ్లుగా వెంట తిరిగిన నర్సుతో కలిసి ఆదివారాలు ఆమే ఒక బట్టల ఫ్యాక్టరీకి వెళ్లి పరీక్షలు చేయడం మొదలుపెట్టింది. మూడో ఆదివారం, బొత్తాలు కుట్టే ఒకామె రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది.

మర్నాడు కేంద్రానికి తీసుకెళ్తే, పేర్లు రాసే గుమాస్తా తల గోక్కున్నాడు. "ఆ విభాగమే లేదు కదండీ, ఈమెను ఎందులో రాయను?"

డాక్టరమ్మ మూడు రోజులు ఆమెతోపాటు వరసలో నిలబడింది. చివరికి జన్యు పరిశోధన కింద పేరు రాశారు. ఆపరేషన్ జరిగింది. బొత్తాలామె బతికింది.

ఏడాది తిరక్కుండానే వార్షిక సభలో బొత్తాలామె ఫొటో తెర మీద వెలిగింది. 'జన్యు పరిశోధన విభాగం తొలి విజయం' అని డైరెక్టరు చదివాడు. హాలంతా చప్పట్లు.

నర్సు ఉడికిపోయింది. "లేవండమ్మా! అసలు సంగతి చెప్పండి."

"చెప్పి? ఆమె ఇంకా నాలుగేళ్లు ఇక్కడే మందులు తీసుకోవాలి. నా కచ్చ నేను తీర్చుకుంటే, రేపు ఆమెను ఎవరు పట్టించుకుంటారు?"

డాక్టరమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

తర్వాతి ఆదివారం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా మనిషి ఇబ్బందిగా ఒక కాగితం చూపించాడు. అనుమతి లేకుండా కేంద్రం మనుషులెవరూ బయట పరీక్షలు చేయకూడదని దాని సారాంశం. కింద డైరెక్టరు సంతకం.

అప్పుడే షిఫ్టు వదిలారు. తెలిసిన మొహాలు చుట్టూ మూగాయి.

"ఈసారి మా వంతన్నారుగా డాక్టరమ్మా?"

ఆమె నర్సు చేతిలోని జాబితా వైపు చూసింది. ఇంకా నూట అరవై పేర్లున్నాయి.

"ఈసారి లేదమ్మా" అంది.